వీపు తిప్పి కూర్చుంటే వస్తుంది

సునామీ వచ్చిన వారానికి పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక స్కూలు వరండాలో నాకు ఒక బెంచీ, ఒక పెన్ను, ఒక కాగితాల కట్ట ఇచ్చారు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం చూస్తున్నాను. ఊళ్ళోనే డైరీ ఫార్మ్ అనే పేటలో మా ఇల్లు ఎత్తు మీద ఉండడంతో గోడలు నెర్రెలివ్వడం తప్ప మాకు ఏమీ కాలేదు. ఆ ఏమీ కాకపోవడమే నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. దక్షిణాన ఉన్న దీవుల నుంచి ఓడల్లో, విమానాల్లో జనాన్ని తెచ్చి స్కూళ్ళలో ఉంచుతున్నారని విని వెళ్ళాను.

"హిందీ, తెలుగు రెండూ రాయడం వచ్చా?" అని అడిగారు అక్కడున్న ఒక ఉద్యోగి. వచ్చన్నాను. నా చేతిరాత చూశారు. అంతే, నా పని ఖాయమైపోయింది. తప్పిపోయినవాళ్ళ వివరాలు రాసి గోడకి అంటించాలి.

కాగితం మీద గళ్ళు ముందే గీసి ఉండేవి. పేరు, వయసు, ఎత్తు, రంగు, ఒంటి మీద బట్టలు, పుట్టుమచ్చలు, ఆఖరిసారి కనిపించిన చోటు. ఫొటో తెచ్చినవాళ్ళు చాలా తక్కువ. ఒకాయన దగ్గర మాత్రం పెళ్ళి ఫొటో ఉంది. అందులో పదిహేనుమంది ఉన్నారు. ఒక తల చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి అంటించాం. మిగతావాళ్ళ ఫొటోలు ఇళ్ళతోపాటే పోయాయి. అందుకని నేను రాసే నాలుగు మాటలే ఆ మనిషి మొహం కావాలి. అది నాకు అప్పుడు తెలియలేదు. నేను నేర్చుకున్నదల్లా తొందరగా రాయడం. ఎదుటివాళ్ళు ఏడుస్తుంటే మధ్యలో ఆపి, "బట్టల రంగు చెప్పండి" అని అడగడం.

ఒకరోజు పొద్దున దక్షిణ దీవుల్లోని క్యాంప్‌బెల్ బే వైపు నుంచి వచ్చిన ఒకామె నా ముందు కూర్చుంది. మా తాతల్లాగే వాళ్ళ పెద్దలు కూడా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళే. భుజం మీద ఎవరో ఇచ్చిన బూడిద రంగు దుప్పటి ఉంది. ఎండ కాస్తున్నా అది తియ్యలేదు. ఆమె కూతురు కనపడటం లేదు. ఐదేళ్ళ పిల్ల.

"ఎత్తెంతమ్మా?"

ఆమె కూర్చున్నచోటు నుంచి లేచి నిలబడి, నడుం దగ్గర చెయ్యి ఆన్చి చూపించింది. "ఇక్కడికొస్తాది."

"ఏమైనా గుర్తులున్నాయా?"

"రెండు వేళ్ళు నోట్లో ఎట్టుకుని పడుకుంటాది. గెడ్డం ఉన్నోలంటే బయం. ఎవులైనా నీ పేరేటని అడిగితే తన పేరు సెప్పదమ్మా. మా కుక్క పేరు సెప్తాది. దానికదో ఆట. అది రాయి."

"అలాంటివి కాదమ్మా. పుట్టుమచ్చలు, దెబ్బల మచ్చలు."

"అది రాయమ్మా. పేరడిగితే కుక్క పేరు సెప్తాది."

ఆమె వెనక వరండా మెట్ల దాకా మనుషులున్నారు. నేను విసుక్కోలేదు. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకునే మాట ఇది. మెత్తగానే మాట్లాడాను. "దానికి ఇందులో గడి లేదమ్మా" అన్నాను.

ఆమె ఇంకేమీ అడగలేదు. మిగతా గళ్ళన్నిటికీ జవాబులు చెప్పింది. నేను రాశాను. గోడకి అంటించాను.

మూడో రోజునో నాలుగో రోజునో అదే వరండాలో, పెద్దవాళ్ళు తోడు లేకుండా వచ్చిన పిల్లల జాబితా తయారవుతోంది. ఒకావిడ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పిల్లాడినీ "తేరా నామ్ క్యా హై, బేటా?" అని అడుగుతూ రాసుకుంటోంది. నేను అటే చూస్తున్నాను. ఒక పిల్లాడు నోరు తెరిచి ఏదో చెప్పాడు. అప్పుడు నాకు తట్టింది. ఆ పిల్ల బతికి ఉండి, ఏ ఓడలోనో, ఏ ఆసుపత్రిలోనో, ఏ క్యాంపులోనో ఉంటే, ఎవరో ఒకరు ఇలాగే మోకాళ్ళ మీద కూర్చుని పేరు అడుగుతారు. ఆ పిల్ల కుక్క పేరు చెబుతుంది. జాబితాలో అదే ఎక్కుతుంది. నేను గోడకి అంటించిన పేరుతో అది ఎప్పటికీ కలవదు.

గోడ దగ్గరికి పరిగెత్తాను. రాద్దామని పెన్ను తీశాను. కుక్క పేరేమిటో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఆమె కోసం గదులన్నీ తిరిగాను. అంతకుముందు రోజు కొంతమందిని వేరే క్యాంపుకి మార్చారన్నారు. ఏ క్యాంపుకో ఒకరు ఒకటి చెప్పారు, ఇంకొకరు ఇంకొకటి. రెండు చోట్లకీ వెళ్ళాను. ఆమె లేదు. తిరిగొచ్చి ఆ కాగితం అడుగున "పేరడిగితే తన కుక్క పేరు చెబుతుంది" అని మాత్రం రాశాను. ఏ పేరో చెప్పకుండా ఆ మాట ఎవరికి పనికొస్తుంది?

క్యాంపు ఖాళీ అయ్యాక గోడలు శుభ్రం చెయ్యమన్నారు. జిగురు గట్టిగా పట్టుకున్నచోట కాగితంతో పాటు సున్నం కూడా ఊడివచ్చింది. అన్నీ కట్టగట్టి ఆఫీసులో ఇచ్చాను. ఆ పిల్ల దొరికిందో లేదో నాకు తెలియదు. దొరికే ఉంటుందిలే అన్నవాళ్ళున్నారు. వాళ్ళకీ తెలియదు. విచిత్రమేమిటంటే, నేను ఆ కాగితం మీద రాసినవేవీ ఇప్పుడు నాకు గుర్తు లేవు. బట్టల రంగు గుర్తు లేదు, ఆఖరికి ఆ పిల్ల పేరు కూడా గుర్తు లేదు. రాయనన్నవి మాత్రం అన్నీ గుర్తున్నాయి.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఆఫీసులో లెటర్లు రాయడమే నా పని. నా లెటర్లలో ఒక్క మాట ఎక్కువ ఉండదని పై అధికారులు మెచ్చుకునేవారు.

మా అమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు కుక్కని పెంచుకుంటానని పట్టుబట్టింది. సిప్పీఘాట్ రోడ్డులో ఒక రిటైర్డ్ నర్సు వీధికుక్కల్ని చేరదీస్తుందని ఎవరో చెబితే ఒక ఆదివారం అక్కడికి వెళ్ళాం. సిప్పీఘాట్ అంటే నాకు ఇష్టం లేదు. సునామీ రోజు నేల కుంగి అక్కడి వరి పొలాల్లోకి ఎక్కిన ఉప్పునీళ్ళు మళ్ళీ దిగలేదు. పోటు వచ్చినప్పుడు వదిలేసిన ఇళ్ళ గుమ్మాల దాకా నీళ్ళు వస్తాయి. కొబ్బరిచెట్లు తలలు పోయి మొండేలుగా నిలబడి ఉంటాయి. బస్సులో అటు వెళ్తే నేను ఆ పొలాలు కనపడని వైపు కూర్చుంటాను.

ఆ నర్సుని అందరూ దీదీ అనేవారు. నేనూ అదే అన్నాను. ఆమె ఇల్లు రోడ్డుకి కాస్త ఎత్తులో ఉంది. పెరట్లో రేకుల షెడ్డు, ఇనుప జాలీ, పద్నాలుగు కుక్కలు. మేము ఒక ముసలిదాన్ని ఇంటికి తెచ్చుకున్నాం. కాగితాల మీద నేను సంతకం పెడుతుంటే దీదీ నా చేతిరాత చూసి, "ఆప్ తో లిఖ్‌నే వాలీ హో" అంది. మీరు రాయడం తెలిసినవారని. తన కుక్కల గురించి నన్ను ఫోన్లో రాసి పెట్టమంది. ఆమెకి చదవడం వచ్చుగాని టైప్ చెయ్యడం కుదరదు, కళ్ళజోడుతో కూడా అక్షరాలు దొరకవు.

ఒప్పుకున్నాను. ఒక ఆదివారం వెళ్ళి పదమూడు కుక్కల వివరాలూ రాసుకున్నాను. జాలీ బయట నిలబడి ఫొటోలు తీశాను. పోర్ట్ బ్లెయిర్ వాళ్ళ గ్రూపుల్లో పెట్టాను. అప్పటికి సముద్రం కింద ఇంటర్నెట్ కేబుల్ ఇంకా రాలేదు. ఒక ఫొటో ఎక్కేసరికి వంట సగం అయ్యేది. నెల రోజులు గడిచినా ఒక్క ఫోన్ రాలేదు. ఫొటోల కింద మాత్రం "అయ్యో పాపం" అని, "దేవుడున్నాడు" అని, ఏడుపు బొమ్మలు, చేతులు జోడించిన బొమ్మలు కుప్పలుగా వచ్చాయి.

"అందరికీ జాలి ఉంది కదా, మరి ఎవరూ ఎందుకు రావట్లేదు?" అన్నాను ఇంట్లో.

మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవడమే కూడబలుక్కోవాలి. అందుకని నన్నే చదవమంది. చదివాను. "ఒక మగ కుక్క. వయసు సుమారు మూడు సంవత్సరాలు. గోధుమ రంగు. కుడి ముందుకాలిపై మచ్చ. సిప్పీఘాట్ రోడ్డు వద్ద లభించినది. కావలసినవారు సంప్రదించగలరు."

మా అమ్మాయి నవ్వబోయి ఆగిపోయింది. "అమ్మా, యే తో ఖోయా-పాయా వాలా హై. ఎవరో తప్పిపోయినట్టు రాశావు. ఇంటికి తీసుకెళ్ళండి అన్నట్టు లేదు."

నేను ఫోన్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. గ్యాస్ మీద ఏమీ లేకపోయినా పొయ్యి ముందు నిలబడ్డాను. పదిహేనేళ్ళ కిందట బెంచీ మీద కూర్చుని నింపిన గళ్ళన్నీ వరసగా అలాగే ఉన్నాయి. రంగు, మచ్చ, దొరికిన చోటు. నా చెయ్యి వేరే రకంగా రాయడం నేర్చుకోలేదు. కాసేపటికి మా అమ్మాయి వచ్చి, "గుస్సా ఆయా?" అని అడిగింది. కోపం రాలేదని చెప్పి, ఆ రోజు మొదటిసారి దానికి ఆ తల్లి సంగతీ, ఆ పిల్ల సంగతీ చెప్పాను. అంతా విని అది ఒక్కటే అడిగింది. "కుక్క పేరేంటమ్మా?"

మరుసటి ఆదివారం నుంచి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఒక్కో కుక్క దగ్గర అరగంట కూర్చునేదాన్ని. దీదీని అడిగేదాన్ని. మచ్చల గురించి కాదు, ఇది పొద్దున లేచి ఏం చేస్తుంది, దేనికి జడుస్తుంది, దేనికి మురుస్తుంది అని. దీదీ మొదట విసుక్కుంది. "ఇత్నా కౌన్ పఢేగా?" అంది, ఇంతంతా ఎవరు చదువుతారని. కాని చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. ఒకటి వాన పడితే తన గిన్నెని నోటితో పట్టుకుని లోపల పెట్టుకుంటుందట. ఒకటి ఆటోల మీద అరుస్తుంది గాని సైకిళ్ళంటే గౌరవమట. ఒకటి అన్నం పెట్టగానే ముందు చుట్టూ చూస్తుంది, ఎవరైనా లాక్కుంటారేమోనని. వారం రోజులు అదే చోట, అదే చేత్తో పెడితే ఆ చూపు పోతుందట.

ఫొటోలు మా అమ్మాయి తీసింది. జాలీ వెనక వద్దంది. కుక్కని దీదీ ఇంటి గుమ్మం దగ్గరికి తెచ్చి, తను నేల మీద బోర్లా పడుకుని దాని కళ్ళెత్తులో తీసేది. మధ్యాహ్నం ఎండలో కళ్ళు చికిలించుకుంటున్నాయని పొద్దున్నే తీసేది. "గుమ్మంలో ఉంటే, ఎవరింట్లోనో ఉన్నట్టే కదా" అంది. నాకు అది తట్టి ఉండేది కాదు.

నేను రాసింది మా అమ్మాయికి చదివి వినిపించేదాన్ని. అది ఆవులించినచోట కొట్టేసేదాన్ని. "దుఃఖం తగ్గించు అమ్మా, ఏడ్చేసి వెళ్ళిపోతున్నారు అందరూ" అనేది. నిజమే. పాపం అన్నవాళ్ళెవరూ ఇంటికి రాలేదు. గిన్నె దాచుకునే కుక్క గురించి చదివినవాళ్ళు నవ్వుకుని ఫోన్ చేశారు. కష్టాలు కూడా దాచలేదు, చెప్పులు కొరుకుతుందని, పిల్లులున్న ఇంటికి వద్దని రాశాం. అలా రాస్తే నమ్మకం కలిగేదేమో. రెండు నెలల్లో ఐదు కుక్కలు ఇళ్ళకి వెళ్ళిపోయాయి. దీదీ ఐదుసార్లూ ఏడ్చింది. నేను ఐదుసార్లూ తేలిక పడ్డాను. చేతి మీద నుంచి ఏదో బరువు కొంచెం కొంచెం దిగుతున్నట్టు ఉండేది.

ఆ తేలికలోనే తప్పు చేశాను.

దీదీ దగ్గర రెండేళ్ళ ఎర్రటి మగకుక్క ఒకటి ఉండేది. నీళ్ళు నిలిచిన పొలాల్లో, వదిలేసిన ఒక ఇంటి మెట్ల మీద, పోటు సమయంలో, పై మెట్టు ఎక్కి అరుస్తుంటే దీదీ నడుంలోతు నీళ్ళలో నడిచి వెళ్ళి తెచ్చింది. అది పిలిస్తే వచ్చేది కాదు. చెయ్యి చాపితే వెనక్కి జరిగేది. కాని మనం వీపు తిప్పి ఊరికే కూర్చుంటే, చప్పుడు లేకుండా వచ్చి, తన వీపు మన వీపుకి ఆన్చి కూర్చునేది. మా అమ్మాయి వీపు, దాని వీపు ఆనుకుని ఉన్న ఫొటో తీశాం. "పిలవకండి. వీపు తిప్పి కూర్చుంటే వస్తుంది" అని మొదటి వాక్యం రాశాను. నా జీవితంలో నేను రాసిన వాక్యాల్లో బాగున్నది అదేనని మురిసిపోయాను.

దానికి ఇంకొక సంగతి ఉంది. పోటు చప్పుడు వింటే వణికేది. షెడ్డు మూలకి దూరి, గోడ గీకేది. అది రాయలేదు. ఇవి దీవులు. నీళ్ళంటే భయపడే కుక్కని ఎవరు తీసుకుంటారు? అది చదివి జనం పక్కకి పోతారనుకున్నాను.

ఆ వారమే రేవు అవతలి ఒడ్డునున్న హోప్ టౌన్ నుంచి ఒక స్కూలు మాస్టారు ఫోన్ చేశారు. భార్యాభర్తలిద్దరూ టీచర్లు, ఇక్కడ పుట్టి పెరిగిన తెలుగువాళ్ళు. ఆరేళ్ళ కూతురు. ఆ ఫొటో చూసినప్పటి నుంచి ఆ పిల్ల గోడవైపు తిరిగి కూర్చుంటోందట, కుక్క వస్తుందని. "మా ఇల్లు ఒడ్డుకి దగ్గరేనండి, ఖాళీ జాగా బోలెడుంది" అన్నారాయన. నేను విన్నాను. విని ఊరుకున్నాను.

కుక్కని ఇచ్చేరోజు దీదీ నన్ను పక్కకి పిలిచి, "పానీ వాలీ బాత్ బతాయీ నా?" అని అడిగింది. నీళ్ళ సంగతి చెప్పావు కదా అని. చెప్పానన్నాను.

పన్నెండు రోజులకి మాస్టారు ఫోన్ చేశారు. ముందురోజు పున్నమి పోటు పెద్దగా వచ్చిందట. నీళ్ళు వాళ్ళ ప్రహరీ దాకా వచ్చి కొట్టుకుంటుంటే కుక్క తాడు తెంపుకుని పారిపోయింది. "మేమే ఏదో తప్పు చేశామండి. సరిగ్గా చూసుకోలేకపోయాం" అన్నారు. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

సెలవు పెట్టి, ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకి వెళ్ళాను. మాస్టారు అప్పటికే వెతకడానికి వెళ్ళారు. ఆయన భార్య నాకు టీ ఇచ్చింది. వాళ్ళమ్మాయి గుమ్మంలో కూర్చుని, వీధికి వీపు తిప్పి, కదలకుండా ఉంది. ఆరేళ్ళ పిల్ల వీపు. చిన్న జడ, వదులుగా కట్టిన రిబ్బను. టీ గ్లాసు కింద పెట్టేశాను.

"దానికి నీళ్ళంటే భయమండి" అన్నాను. "నాకు తెలుసు. మీకు చెప్పలేదు."

ఆవిడ నా వైపు తిరిగింది. "ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తీసుకోరనుకున్నాను."

"తీసుకునేవాళ్ళం కదా మేడమ్" అంది ఆవిడ. అరవలేదు. "వెనక గదిలో పడుకోబెట్టి, తలుపేసేవాళ్ళం. ఇత్నీ సీ బాత్ థీ. ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది."

ఆ ఒక్క మాట. ఇంకొక గొంతు, ఇంకొక ఎండ, అది రాయమ్మా అది రాయి అంటూ ఆ గదిలోకి వచ్చి కూర్చున్నట్టే ఉంది. ఆవిడకి అదంతా ఎలా చెప్పను? చెప్పలేదు. "కాగితాలున్నాయా అండి?" అని అడిగాను. ఆవిడ కూతురి నోటుపుస్తకంలోంచి చింపి ఇచ్చింది.

అక్కడే, వాళ్ళ భోజనాల బల్ల మీద కూర్చుని ప్రకటన రాశాను. హిందీలో ఒకటి, తెలుగులో ఒకటి, మళ్ళీ హిందీలో. ఈసారి ఏదీ వదల్లేదు. ఎర్ర రంగని రాశాను, మెడలో తెగిన తాడుందని రాశాను. పోటు చప్పుడు వింటే పారిపోతుందని, అందుకని ఒడ్డున వెతకొద్దని, కొండవైపు, చప్పుడు వినపడనిచోట ఉంటుందని రాశాను. వెంటపడొద్దు, పేరు పెట్టి పిలవొద్దు, దానివైపు వీపు తిప్పి నేల మీద కూర్చోండి, వస్తుంది అని రాశాను. మేం ఏ పేరుతో పిలుస్తామో, ఆ పిల్ల దానికి ముద్దుగా పెట్టుకున్న రెండో పేరేమిటో, రెండూ రాశాను. కాగితం సరిపోక వెనక కూడా రాశాను. ఆ పిల్ల పక్కనే నిలబడి, నేను రాసే ప్రతి మాటా చెప్పించుకుని, "అరటిపండు తొక్క తింటాది, అది కూడా" అంది. అదీ రాశాను.

జెట్టీ దగ్గర, కిరాణా కొట్టు దగ్గర, పైకి వెళ్ళే రోడ్డు మీద బస్టాపులో అంటించాం. జిగురు రాసి గోడకేసి అరచేత్తో అదుముతూ, చెయ్యి తియ్యకుండా అక్కడే ఆగిపోయాను. మాస్టారి భార్య నా చేతిలోంచి కాగితాలు తీసుకుని, మిగతావి తనే అంటించింది. ఇంటికి వచ్చాక మా అమ్మాయి అదంతా ఫోన్లో పెట్టింది. దీదీకి ఫోన్ చేసి నేను అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చెయ్యలేదు.

ఆ వారమంతా ఆఫీసులో నా ఫోన్ బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరో కొత్త నంబరు నుంచి చేస్తే మొదటి మోతకే ఎత్తేదాన్ని. బ్యాంకు వాళ్ళు, గ్యాసు వాళ్ళు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ హిందీలో మాట్లాడింది. హోప్ టౌన్‌కి పైన, కొండ మీద ఆమెకి ఆవులున్నాయి. నాలుగు రోజులుగా ఎర్రకుక్క ఒకటి పశువుల పాకలోకి వచ్చి గడ్డి వెనక పడుకుంటోంది, దగ్గరికి వెళ్తే పారిపోతోంది. బస్టాపులో కాగితం ఆమె కోడలు చదివి వినిపించిందట.

"ఆప్‌నే లిఖా థా, పీఠ్ కర్‌కే బైఠో. మై బైఠ్ గయీ," అంది. "ఆ గయా, బహెన్‌జీ. మేరీ పీఠ్ సే లగ్ కే బైఠా హై. అభీ భీ." వీపు తిప్పి కూర్చున్నాననీ, వచ్చిందనీ, ఇప్పుడు కూడా నా వీపుకి ఆనుకునే కూర్చుందనీ చెబుతోంది. కదిలితే లేచిపోతుందేమోనని లోగొంతుకతో మాట్లాడుతోంది.

నేను ఆఫీసు మెట్ల మీదికి వెళ్ళి కూర్చుని ఏడ్చాను. మా ప్యూన్ ఎవరైనా పోయారా అని అడిగాడు. కాదు, దొరికిందన్నాను.

మరునాడు మాస్టారి కుటుంబం, నేను కలిసి ఆ పాకకి వెళ్ళాం. అక్కడ గాలి చప్పుడు, ఆవుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. కుక్క ఆ అమ్మాయిని గుర్తుపట్టింది, తోక ఊపింది, దగ్గరికి వచ్చి చెయ్యి వాసన చూసింది. కాని మాస్టారు తాడు తీసి రోడ్డువైపు నాలుగడుగులు నడిపించేసరికి, మలుపు దగ్గర కింద సముద్రం కనపడగానే కూలబడిపోయింది. రాలేదు. వణుకుతోంది.

పిల్ల దాని పక్కన కూర్చుంది. మాస్టారే మెల్లగా, "ఇక్కడే ఉండనిద్దాం" అన్నారు. పిల్ల ఒప్పుకోలేదు. ఏడ్చింది, కాళ్ళు నేలకేసి కొట్టింది. ఆఖరికి పెద్దావిడ, "హర్ ఇత్వార్ ఆనా, బిటియా. ఇస్‌కో బోలూంగీ తేరే బారే మే" అంది. ప్రతి ఆదివారం రమ్మని, నీ గురించి దీనికి చెబుతుంటానని. పిల్ల కళ్ళు తుడుచుకుని, అరటితొక్కల సంగతి ఆమెకి వివరంగా చెప్పింది. కిందికి దిగేదాకా వెనక్కి తిరిగి చూడలేదు. నేను మాత్రం చాలాసార్లు చూశాను.

ఫెర్రీలో తిరిగి వస్తూ, ఆ పాత సంగతి ఇక నన్ను వదిలేస్తుందేమోనని ఆశపడ్డాను. వదల్లేదు. ఒక కుక్క దొరికితే ఒక పిల్ల దొరికినట్టు కాదు. జనం మధ్యలో ఎవరైనా చిన్నపిల్లని పేరు అడిగితే ఇప్పటికీ నా అడుగు ఆగుతుంది. ఆ పిల్ల బతికి ఉంటే ఇప్పుడు పెళ్ళి వయసు. ఎక్కడో ఎవరో ఆమెని వేరే పేరుతో పిలుస్తున్నారేమో. ఆమె పలుకుతోందేమో.

దీదీ నన్ను క్షమించిందో లేదో చెప్పలేదు. రెండు వారాల తర్వాత తనే ఫోన్ చేసి, కొత్తగా మూడు వచ్చాయి, రమ్మంది. "సబ్ లిఖ్‌నా," అంది. అన్నీ రాయమని.

తర్వాతి నెలలో మాస్టారి కుటుంబం దీదీ పెరటికి వచ్చింది. వాళ్ళమ్మాయి షెడ్డంతా తిరిగి, ఒంటికన్ను నల్లకుక్క ముందు ఆగింది. దాని గురించి నేనేం రాశానో చదవమంది. ఫోన్ తీసి చదివాను. "సముద్రం అంటే లెక్కలేదు. వాన అంటే ఇష్టం. గొడుగులంటే భయం."

ఆ పిల్ల ఒప్పుకోలేదు. వాళ్ళమ్మ చేతిలో మడిచి ఉన్న గొడుగు తీసుకుని కుక్క ముందు పెట్టింది. అది వాసన చూసి ఊరుకుంది. పిల్ల గొడుగు టప్పున తెరిచింది. కుక్క ఎగిరి దీదీ కాళ్ళ వెనక నక్కింది.

"గొడుగంటే భయం కాదు ఆంటీ," అంది పిల్ల. "తెరిస్తే భయం. అలా రాయండి."

నేను కళ్ళజోడు పెట్టుకుని, అక్కడే నిలబడి, అలాగే మార్చాను.